లోపాన్ని ముందే చెప్పిన కంపెనీ

అందరికీ నమస్కారం.

ఒక కంపెనీ వార్షిక నివేదిక చేతికొస్తే మనం ముందు లాభం చూస్తాం. అమ్మకాలు పెరిగాయా, అప్పు తగ్గిందా, డివిడెండ్ ఎంత అని చూస్తాం. ఆ అంకెలు ఏ దారిన నడిచి ఆ కాగితం మీదికి వచ్చాయో చెప్పే పేజీ కూడా అందులోనే ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండానే తిప్పేస్తారు. ఈరోజు నేను మాట్లాడబోయేది ఆ పేజీ గురించే. లెక్కల తయారీ మీద ఉండే అంతర్గత నియంత్రణలు, ఆఫీసుల్లో మనం ఇంటర్నల్ కంట్రోల్స్ అంటాం, అవి సరిగ్గా పనిచేస్తున్నాయా లేదా అని యాజమాన్యం తనను తాను పరీక్షించుకుని సంతకం పెట్టి చెప్పే పేజీ అది.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. "మా కంట్రోల్స్ అన్నీ సవ్యంగా ఉన్నాయి" అన్న ఒక్క వాక్యం చూసి ఏ కంపెనీనీ నమ్మకండి. "ఫలానా చోట మాకు లోపం ఉంది, ఇంతవరకు లెక్కల్లో తప్పు దొర్లలేదు, ఇలా సరిచేస్తున్నాం" అని చెప్పిన కంపెనీని చూసి వెంటనే పారిపోకండి. మార్కెట్ చాలాసార్లు ఈ రెండు పనులూ తలకిందులుగా చేస్తుంది. దానివల్ల నష్టపోయేది చివరికి మదుపరులే. ఎలాగో చెబుతాను.

కంట్రోల్స్ లేకపోతే ఏమవుతుందో తెలియాలంటే అమెరికా టెలిఫోన్ కంపెనీ వరల్డ్‌కామ్ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఒక టెలిఫోన్ కంపెనీ తన కాల్స్‌ను ఇతర కంపెనీల లైన్ల మీదుగా పంపిస్తే వాళ్లకు డబ్బు కట్టాలి. దాన్ని లైన్ కాస్ట్ అంటారు. అది అప్పటికప్పుడు అయిపోయే ఖర్చు, ఆ కాలపు లాభంలోంచే పోవాలి. వరల్డ్‌కామ్‌లో ఏం చేశారంటే, త్రైమాసికం ముగిసి, లెక్కలన్నీ వచ్చి, లాభం మార్కెట్ ఎదురుచూస్తున్న అంకెకు తక్కువ పడిందని తేలాక, ప్రధాన కార్యాలయంలో జర్నల్ ఎంట్రీలు, అంటే లెక్కల పుస్తకాల్లో సర్దుబాటు నమోదులు, వేశారు. కోట్ల డాలర్ల లైన్ కాస్ట్ ఖర్చుల ఖాతాలోంచి లేచి ఆస్తుల ఖాతాలో కూర్చుంది. దాంతో లాభం పెరిగినట్టు కనిపించింది. ఆ ఎంట్రీలకు సరైన ఆధారాలు లేవు. పైనుంచి వచ్చిన మాట ఉంది, అంతే. 2002 మే, జూన్ నెలల్లో అంతర్గత ఆడిట్ విభాగానికి వైస్ ప్రెసిడెంట్‌గా ఉన్న సింథియా కూపర్, ఆమె బృందం ఆ తీగ లాగారు. ఆ ఆడిట్ కొన్నాళ్లు వాయిదా వేయమని కంపెనీ ఆర్థిక వ్యవహారాల అధిపతి, అంటే సీఎఫ్ఓ, స్కాట్ సలివన్ అడిగారు. ఆమె ఆపలేదు. జూన్ 25న కంపెనీ 380 కోట్ల డాలర్ల తప్పు జరిగిందని ప్రకటించింది. తర్వాతి దర్యాప్తుల్లో అది 1,100 కోట్ల డాలర్ల దాకా పోయింది.

ఇందులో నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసే విషయం ఒకటుంది. అక్కడ అకౌంటెంట్లు లేకపోలేదు, సాఫ్ట్‌వేర్ లేకపోలేదు, బయటి ఆడిటర్ కూడా ఉన్నాడు. ఎంట్రీ వేయమనే అధికారికీ, దానికి ఆధారం చూపించమని అడగాల్సిన అధికారికీ మధ్య ఉండాల్సిన అడ్డు లేదు. ఆ సంగతి బయట ఉన్న వాటాదారుడికి తెలిసే మార్గమూ లేదు.

అంతకు ఏడు నెలల ముందే, 2001 డిసెంబర్‌లో, లెక్కల మోసం బయటపడిన ఇంధన కంపెనీ ఎన్రాన్ దివాలా తీసింది. ఈ రెండూ కలిసి అమెరికాలో సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టానికి దారితీశాయి. 2002 జూలై 30న అది అమల్లోకి వచ్చింది. ఇక్కడ ఒక చిన్న విషయం గమనించాలి. కంపెనీకి అంతర్గత అకౌంటింగ్ నియంత్రణలు ఉండి తీరాలన్న నియమం అమెరికాలో 1977 నుంచే ఉంది. లంచాల నిరోధం కోసం తెచ్చిన చట్టంలోనే దాన్ని పెట్టారు. 2002లో అసలు కొత్తగా వచ్చింది ఏమిటంటే, ఆ నియంత్రణలు ఎలా ఉన్నాయో బయటికి చెప్పి తీరాలన్న నియమం. 302వ సెక్షన్ కింద సీఈఓ, సీఎఫ్ఓ ప్రతి త్రైమాసికం స్వయంగా సంతకం పెట్టాలి. 404వ సెక్షన్ కింద యాజమాన్యం ఏటా తన కంట్రోల్స్‌ను అంచనా వేసి ఫలితం ప్రకటించాలి. అదే సెక్షన్ రెండో భాగం ప్రకారం పెద్ద కంపెనీల్లో ఆడిటర్ కూడా విడిగా అభిప్రాయం ఇవ్వాలి.

తర్వాత ఈ ఆలోచన వేర్వేరు రూపాల్లో ప్రపంచమంతా తిరిగింది. జపాన్‌లో 2008 ఏప్రిల్ నుంచి మొదలైన ఆర్థిక సంవత్సరాలకు ఇలాంటి నివేదిక తప్పనిసరి అయింది. మన 2013 కంపెనీల చట్టం ఆడిటర్ నివేదికలోకి ఈ అంశాన్ని తెచ్చింది. బ్రిటన్‌లో 2026 జనవరి 1 నుంచి మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకు ముఖ్యమైన కంట్రోల్స్ పనిచేస్తున్నాయా లేదా అని బోర్డే ప్రకటించాలి. అయితే అక్కడ ఆడిటర్ సంతకం అడగడం లేదు. నాకైతే అది సగం దూరం వెళ్లి ఆగినట్టు అనిపిస్తుంది.

ఇక అసలు పదానికి వద్దాం: మెటీరియల్ వీక్‌నెస్. లెక్కల్లో పెద్ద తప్పు దొర్లినా సకాలంలో ఆగకుండా, దొరక్కుండా పోయేందుకు తగినంత అవకాశం ఉంటే ఆ లోపాన్ని అలా పిలుస్తారు. నిర్వచనంలో "దొర్లితే" అని ఉంది, "దొర్లింది" అని లేదు. తప్పు జరిగి ఉండాల్సిన పనే లేదు, జరిగే వీలుంటే చాలు. ఆడిటర్లు దీన్ని కుడ్ ఫ్యాక్టర్ అంటారు. దొరికిన తప్పు పది వేల డాలర్లదే కావచ్చు. అదే కన్నంలోంచి కోటి డాలర్ల తప్పు కూడా దూరిపోగలిగితే, లోపం సైజు కోటి డాలర్లే. దొరికిన తప్పును బట్టి లోపాన్ని కొలిచే యాజమాన్యం తనకు తెలియకుండానే, ఒక్కోసారి తెలిసే, నిర్వచనాన్ని పక్కకు తోసేస్తుంది.

నిర్వచనం ఇంత స్పష్టంగా ఉన్నా ఆచరణ వేరుగా ఉంది. పాత లెక్కలు తప్పని ఒప్పుకుని సవరించుకున్న అమెరికన్ కంపెనీలను పరిశీలించి 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాటికి లోపాలు ఉన్నాయని తర్వాత తేలింది. కానీ తప్పుడు లెక్కలు ఇచ్చిన ఆ కాలంలోనే "మాకు లోపం ఉంది" అని చెప్పినవి కొద్ది భాగమే, పైగా ఏడాదికేడాది ఆ భాగం తగ్గింది. అంటే హెచ్చరికగా పనిచేయాల్సిన నివేదిక ప్రమాదం జరిగాక వచ్చే పోలీసు రిపోర్టులా మారింది. తప్పు బయటపడకుండా, లోపం మాత్రమే గుర్తించి చెప్పే కంపెనీలు ఇంత తక్కువగా ఎందుకున్నాయని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ అధికారులు కూడా తమ ప్రసంగాల్లో పదే పదే ప్రశ్నించారు.

ఎందుకు చెప్పరు? భయం. ఆ భయానికి కారణం లేకపోలేదు. 2015లో వచ్చిన మరో అధ్యయనం చూసి నాకు బాధ కలిగింది. లెక్కలు సవరించుకున్నాక ఎవరికి ఎక్కువ శిక్ష పడిందని అందులో చూశారు. వాటాదారుల కేసులు, సీఈఓ, సీఎఫ్ఓల నిష్క్రమణ, ఆడిటర్ మార్పు, ఇవన్నీ ముందే లోపం చెప్పిన కంపెనీల్లోనే ఎక్కువగా కనిపించాయి. "మాకేమీ తెలియదు, అంతా బాగానే ఉందనుకున్నాం" అన్నవాళ్లకు అది సాకుగా పనికొచ్చింది. "తెలుసు, చెప్పాం" అన్నవాళ్లకు అదే మెడకు చుట్టుకుంది. ఇది చదివిన ఏ సీఎఫ్ఓ అయినా ముందుగా నోరు విప్పడానికి వెనకాడతాడు. ఆ వెనకాడటానికి మూల్యం చెల్లించేది షేర్లు పట్టుకుని కూర్చున్నవాళ్లు.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది కొంత ఊరట. 2009 నాటి ఒక అధ్యయనంలో, కంట్రోల్స్‌లో లోపాలున్న కంపెనీల నుంచి మదుపరులు ఎక్కువ రాబడి కోరుతున్నారని తేలింది. కంట్రోల్స్ పరిస్థితి మారిందని ఆడిటర్ ధ్రువీకరించాక ఆ కోరిక కూడా మారింది. మార్పు అర శాతం నుంచి ఒకటిన్నర శాతం పాయింట్ల దాకా ఉంది. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ లెక్క వేసి చూడండి. 100 కోట్ల డాలర్ల ఈక్విటీ, అంటే వాటాదారుల పెట్టుబడి, ఉన్న కంపెనీకి అది ఏడాదికి 50 లక్షల నుంచి కోటిన్నర డాలర్ల తేడా. లోపం సరిచేసుకున్నవాళ్లకు నమ్మకం తిరిగొస్తుంది, దానికి ధర కూడా పలుకుతుంది. ఆ దారి మూసుకుపోలేదు.

నమ్మకం పోతే ఏమవుతుందో 2024 జనవరిలో ఏడీఎం చూపించింది. ధాన్యం, నూనెగింజల వ్యాపారంలో ప్రపంచంలోని పెద్ద కంపెనీల్లో అది ఒకటి. తమ న్యూట్రిషన్ విభాగం లెక్కల మీద దర్యాప్తు జరుగుతోందని, సీఎఫ్ఓను సెలవు మీద పంపామని ఆ నెల 21న ప్రకటించింది. మర్నాడు ఒక్క రోజులో షేర్ 24 శాతం పడింది. మార్చిలో అసలు సంగతి వివరించారు. కంపెనీలోని ఒక విభాగం ఇంకో విభాగానికి అమ్మిన సరుకుకు కొన్నిచోట్ల మార్కెట్ ధరకు దగ్గరగా లేని ధరలు వేశారు. మెటీరియల్ వీక్‌నెస్ ఉందని ఒప్పుకున్నారు. కానీ ఒక విభాగం లాభం పెరిగితే ఇంకో విభాగం లాభం అంతే తగ్గుతుంది కాబట్టి మొత్తం కంపెనీ లాభం మీద ఆ సవరణల ప్రభావం లేదు. మరి షేర్ అంత ఎందుకు పడింది? ఆ విభాగమే రేపటి ఎదుగుదల అని కంపెనీ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది. ఆ కథను నిలబెట్టిన అంకెల మీదే అనుమానం వచ్చింది. ఇది తప్పయితే ఇంకేవి తప్పో అన్న ప్రశ్నకు ఆ జనవరి రోజున ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఇప్పుడు ఒక కంట్రోల్‌ను దగ్గరగా చూద్దాం. మామూలు బ్యాంక్ రీకన్సిలియేషన్ తీసుకోండి. పుస్తకాల్లో నిల్వ ఒకటి, బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో నిల్వ ఇంకొకటి ఉంటుంది. అకౌంటెంట్ ఆ తేడాలన్నీ ఒక షీట్‌లో రాస్తాడు, మేనేజర్ చూసి సంతకం పెడతాడు. ఏడాది షీట్లు తెప్పిస్తే అన్నింటి మీదా సంతకం ఉంటుంది. కంట్రోల్ పనిచేసినట్టేనా? ఏప్రిల్ షీట్‌లో ఒక తేడా ఉందనుకోండి, పక్కన "విచారణలో ఉంది" అని రాశారు. మే షీట్‌లోనూ అదే తేడా, అదే మాట. అక్టోబర్ దాకా అదే. ప్రతి షీట్ కింద సంతకం ఉంది. ఆ మేనేజర్ కాగితం చూశాడు కానీ తేడాను చూడలేదు. ఇంకో రెండు అడగాలి. ఎంత మొత్తం దాటితే ఆయన ఆగి ప్రశ్నిస్తాడు? ఆయన చేతికొచ్చిన బ్యాంక్ స్టేట్‌మెంట్ ఎక్కడి నుంచి వచ్చింది? ఆయనే బ్యాంక్ సైట్‌లోంచి దింపుకున్నాడా, లేక షీట్ తయారుచేసిన అకౌంటెంటే పీడీఎఫ్ మెయిల్ చేశాడా? రెండోదైతే, తప్పు చేయగలిగిన మనిషే తప్పు లేదనడానికి సాక్ష్యం కూడా తెచ్చిస్తున్నాడన్నమాట. ఆ సంతకానికి విలువ ఏముంది?

ఇది చిన్న విషయం అనుకోకండి. జర్మనీలోని చెల్లింపుల కంపెనీ వైర్‌కార్డ్‌ను చూడండి. ఆ కంపెనీ ఏళ్ల తరబడి క్లీన్ ఆడిట్ రిపోర్ట్ తెచ్చుకుంది. 2020 జూన్ 18న ఆడిటర్లు సంతకం పెట్టలేమన్నారు. ఫిలిప్పీన్స్ బ్యాంకుల ఖాతాల్లో ఉందని చెప్పిన 190 కోట్ల యూరోలు కనిపించలేదు. ఆ కాగితాలు తమవి కావని అక్కడి బ్యాంకులు తేల్చి చెప్పాయి. వారం తిరిగేసరికి, జూన్ 25న కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. బ్యాంకు నిల్వ కంటే సులువుగా సరిచూసుకోగలిగిన అంకె బ్యాలెన్స్ షీట్‌లో ఇంకొకటి ఉండదు. అంత సులువైనదే, సాక్ష్యం ఎవరి చేతుల మీదుగా వస్తోందని గట్టిగా అడగనందువల్ల చేజారింది. ఆ తర్వాత 2021లో జర్మనీ చట్టం మార్చి, లిస్టెడ్ కంపెనీల యాజమాన్య బోర్డులు తగిన అంతర్గత నియంత్రణ వ్యవస్థ, రిస్క్ వ్యవస్థ పెట్టి తీరాలని రాసింది.

పుస్తకాలు సరిగ్గా ఉన్నా బయటికి వచ్చే కాగితం తప్పుగా రావచ్చు. 2024 ఫిబ్రవరి 13న లిఫ్ట్ అనే ట్యాక్సీ యాప్ కంపెనీ తన లాభాల మార్జిన్ 500 బేసిస్ పాయింట్లు, అంటే 5 శాతం పాయింట్లు, పెరుగుతుందని పత్రికా ప్రకటనలో రాసింది. రాయాల్సింది 50. ఒక సున్నా ఎక్కువ పడింది. మార్కెట్ ముగిశాక జరిగే ట్రేడింగ్‌లో షేర్ 60 శాతానికి పైగా ఎగిరింది, ఆ తర్వాత ఫలితాల గురించి విశ్లేషకులతో మాట్లాడే ఎర్నింగ్స్ కాల్‌లో సీఎఫ్ఓ దాన్ని సరిదిద్దారు. ఆ కొద్దిసేపట్లో కొన్నవాళ్ల పరిస్థితి ఆలోచించండి. లెడ్జర్ నుంచి చదివేవాడి కంటిదాకా ప్రతి మజిలీలో ఎవరో ఒకరు సరిచూడాలి.

సరే, మదుపరిగా ఆ పేజీ ఎలా చదవాలి? మొదట అడగాల్సింది, ఇది యాజమాన్యం ఒక్కటే చెప్పిన మాటా, ఆడిటర్ కూడా విడిగా పరీక్షించి చెప్పాడా అని. అమెరికాలో చిన్న కంపెనీలకు 2010లోనే ఆడిటర్ అభిప్రాయం నుంచి శాశ్వత మినహాయింపు ఇచ్చారు. కొత్తగా లిస్ట్ అయిన కంపెనీ మొదటి వార్షిక నివేదికలో యాజమాన్యం అంచనా కూడా ఇవ్వక్కర్లేదు. అంటే మనకు అతి తక్కువగా తెలిసిన కంపెనీల దగ్గరే ఈ రక్షణ పల్చగా ఉంటుంది. ఖర్చు ఎక్కువన్న వాదన నాకు తెలుసు. మొదటి ఏళ్లలో ఖర్చు నిజంగానే విపరీతంగా అయింది, అందుకే 2007లో ఆడిట్ ప్రమాణాన్ని మార్చి రిస్క్ ఎక్కువున్న చోటే ఎక్కువ పని చేయమన్నారు. అయినా, ఖర్చు తగ్గించిన మేరకు రిస్క్ మదుపరి నెత్తిన పడిందన్న సంగతి దాచకూడదు.

తర్వాత పరిధి చూడండి. చాలామంది అసలు గమనించని వాక్యం ఇక్కడ ఉంటుంది. ఆ ఏడాది కొన్న కంపెనీని కంట్రోల్స్ అంచనా నుంచి పక్కన పెట్టడానికి యాజమాన్యానికి అనుమతి ఉంది. "ఫలానా సంస్థను ఈ అంచనాలో చేర్చలేదు, మొత్తం ఆస్తుల్లో దాని వాటా ఇంత" అని అక్కడే రాస్తారు. ఆ వాటా పెద్దదైతే "కంట్రోల్స్ బాగున్నాయి" అన్న మాట కంపెనీలో కొంత భాగానికే వర్తిస్తుంది. అలాగే ప్రతి త్రైమాసికం "మా కంట్రోల్స్‌లో చెప్పుకోదగ్గ మార్పులు లేవు" అని ఒక వాక్యం వస్తుంది. అదే త్రైమాసికంలో అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మొత్తం మార్చారని, ఫైనాన్స్ టీమ్‌లో సగం మంది వెళ్లిపోయారని ఇంకో పేజీలో కనిపిస్తే, ఆ వాక్యాన్ని ఎవరో పాత ఫైల్‌లోంచి ఎత్తి పెట్టారని అనుమానించాలి.

లోపం చెప్పి ఉంటే అది ఏ రకం లోపమో చూడండి. రేటింగ్ సంస్థ మూడీస్ 2004లోనే దీన్ని రెండుగా విడదీసింది. ఒక ఖాతాకో ఒక లావాదేవీకో పరిమితమైన లోపం ఒకటి, కంపెనీ మొత్తానికి పాకిన లోపం ఇంకొకటి. పన్ను లెక్కల్లో నైపుణ్యం చాలలేదంటే మనిషిని పెట్టుకోవచ్చు, ఆడిటర్ అక్కడ ఎక్కువ పరీక్షలు చేసి లెక్క తేల్చవచ్చు. పైస్థాయి అధికారులు కంట్రోల్స్‌ను దాటవేశారు, లేదా తప్పు చెప్పినవాళ్ల నోరు నొక్కారు అంటే మాత్రం ఏ ఖాతానూ నమ్మలేం. మొదటిదాన్ని నేను ఓపిగ్గా గమనిస్తాను. రెండోది కనిపిస్తే ఆ షేర్ పట్టుకుని ఉండను.

దాన్ని ఎవరు కనిపెట్టారన్నది కూడా వెతకండి. కంపెనీ అంతర్గత ఆడిట్ కనిపెట్టిందా, బయటి ఆడిటర్ చెప్పాడా, నియంత్రణ సంస్థ నోటీసు వచ్చాక తెలిసిందా? ఒకే లోపానికి ఈ మూడు సందర్భాల్లో అర్థం ఒకటి కాదు. సరిచేసే ప్రణాళిక ఎలా రాశారో చూస్తే మిగతాది తెలుస్తుంది. "అదనపు సిబ్బందిని నియమిస్తున్నాం, శిక్షణ ఇస్తున్నాం" అని నాలుగు త్రైమాసికాలు ఒకే పేరా వస్తుంటే అక్కడ ఏ పనీ జరగడం లేదు. "ఆదాయం ఎంట్రీలు వేసే ఉద్యోగులకు ఇకపై ఆమోదించే అధికారం ఉండదు, జూలైలో ఆ యాక్సెస్ తీసేశాం, రెండు త్రైమాసికాలు పరీక్షించాక లోపం పోయిందని చెబుతాం" అని రాస్తే నేను ఆ కంపెనీ మాట వింటాను. సరిచేసిన కంట్రోల్ కొంతకాలం నడిచి చూపించాలి. నెల తిరక్కుండా "సరిచేసేశాం" అన్నా నాకు నమ్మకం కుదరదు.

ఇక్కడ ఫండ్ మేనేజర్లు, విశ్లేషకులు ఉన్నారు కాబట్టి మీకు ఒక విన్నపం. ఎర్నింగ్స్ కాల్‌లో వచ్చే త్రైమాసికం మార్జిన్ గురించి పది ప్రశ్నలు వస్తాయి, కంట్రోల్స్ గురించి ఒక్కటీ రాదు. ఆ ఒక్కటి మీరు అడగండి. ఈ ఏడాది ఎన్ని లోపాలు మీ దృష్టికి వచ్చాయి, వాటిలో ఏది మెటీరియల్ వీక్‌నెస్ కాదని ఎలా తేల్చారు, ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారు అని ఆడిట్ కమిటీ అధ్యక్షుణ్ని వాటాదారుల సమావేశంలో అడగండి. సమాధానం పూర్తిగా రాకపోవచ్చు. కానీ అడుగుతారని తెలిస్తే లోపల ఆ చర్చ జరిగే తీరు మారుతుంది. ముందుగా లోపం చెప్పిన కంపెనీ షేర్ పడినప్పుడు, అది ఖాతా స్థాయి లోపమే అయి, ప్రణాళిక స్పష్టంగా ఉంటే, అమ్మేవాళ్ల గుంపులో చేరే ముందు ఒక్కరోజు ఆగి ఆ పేరా పూర్తిగా చదవండి.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఇక మీరు అడగండి.